సెలవులకు ముందు మన పెరట్లో ఏం వేద్దాం?

ఏటా ఏప్రిల్ 5న బాబూ జగ్జీవన్ రామ్ జయంతి, 11న మహాత్మా ఫూలే జయంతి, 14న డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ జయంతి. ఈ పది రోజుల్లో ఏదో ఒకనాడు సంక్షేమ హాస్టళ్లలో మొక్కలు నాటే కార్యక్రమం ఉండనే ఉంటుంది. దండలు, ఉపన్యాసాలు, మిఠాయిలు అయిపోయాక గోడవార నాలుగు క్రోటన్లు, రెండు అశోక మొక్కలు పెడతారు. బిందెడు నీళ్లు పోస్తారు, ఫోటో తీస్తారు. ఇంకో పది రోజులకు వేసవి సెలవులు. జూన్ 12న బడి తెరిచేనాటికి ఆ గుంటల్లో ఎండుపుల్లలు మిగులుతాయి. మళ్లీ ఏప్రిల్ వస్తుంది, మళ్లీ అక్కడే గుంట తవ్వుతారు.

ఈ వార్షికోత్సవ సంచికలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ మొక్కలు కూరగాయల మొక్కలు కావాలి. అవి ఏవో పైనుంచి ఎవరూ చెప్పకూడదు, హాస్టల్లో తినే పిల్లలే కూర్చుని నిర్ణయించుకోవాలి. చిన్న విషయమే కదా అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. మాకు మాత్రం చిన్న విషయంగా తోచలేదు. ఎందుకో చెబుతాం.

ఏం వేయాలో నిర్ణయించేది ఎవరు?

మనలో ఎక్కువమంది ఇళ్లలో సెంటు భూమి లేదు. ఉన్నవాళ్లకు ఎకరమో, అరెకరమో. కొందరి నాన్నలు కౌలుకు చేస్తారు. అమ్మలు మిరప కోతలకు పోతారు, పత్తి తీతకు పోతారు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయలకు తొడిమలు తీస్తారు. కోతల రోజుల్లో ఆ చేతుల మంట రాత్రి అన్నం కలిపేటప్పుడు కూడా పోదు. ఇంత పని చేసేవాళ్లను ‘ఈ ఏడు చేలో ఏం వేద్దాం?’ అని అడిగినవాళ్లు లేరు. ఆ మాట భూమి ఉన్న ఆసామి చెబుతాడు. ఆ ఆసామికి విత్తనాల కొట్టువాడు చెబుతాడు. వాళ్లిద్దరికీ మిర్చి యార్డులో నిరుటి ధర చెబుతుంది.

1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలారు. కాలువ వచ్చిన తరువాతి ఏళ్లలో పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మీద పత్తి, మిరప బాగా పెరిగాయి. జొన్న, సజ్జ, వరిగ వెనక్కి పోయాయి. డబ్బు కళ్లజూసిన ఇళ్లున్నాయి, కాదనలేం. పక్కా ఇళ్లు లేచాయి, పిల్లలు చదువుకున్నారు. కానీ ఒకే పంట మీద బతుకంతా పెడితే ఏమవుతుందో కూడా ఈ నేలే చూసింది. 1987–88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేస్తే అప్పులపాలైన రైతులు ఆ చేలకు తెచ్చిన మందే తాగి చనిపోయారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల విత్తనం ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్ దాకా వెళ్లి పోట్లాడాక 750కి దిగింది. 2021–22లో నల్ల తామర పురుగు మిరపతోటలను మాడ్చింది. పూతలోనే చేలు పీకేసిన ఊళ్లు మనవాళ్లకు తెలుసు. ప్రతిసారీ మునిగింది ఎవరు? ఏం వేయాలో నిర్ణయించని కౌలుదారు, అడగని కూలి మనిషి కూడా.

అందుకే హాస్టల్ పెరడు మాకు ఒక ముక్క ఖాళీ స్థలంలాగా కనబడటం లేదు. మన పిల్లల్లో చాలామందికి ‘ఇక్కడ ఏం వేద్దాం?’ అని తామే అడిగి, తామే జవాబు చెప్పుకునే మొదటి నేల అదే.

‘మట్టి పిసకడానికా చదువుకొచ్చింది?’

ఈ ప్రతిపాదన మాట్లాడుకున్నప్పుడు మా తోటివాళ్లే ఒక మాట గట్టిగా అన్నారు. ‘మా అమ్మానాన్నలు పిసికిన మట్టి చాలు. మమ్మల్ని ఇక్కడికి పంపింది పార పట్టడానికి కాదు, పుస్తకం పట్టడానికి’ అన్నారు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. మన పిల్లలకు పని చెప్పడం, చదువు పక్కనబెట్టించి చాకిరీ చేయించడం ఈ దేశంలో కొత్త కాదు. కోతల కాలంలో బడి మానేసి మిరప చేలల్లోకి వెళ్లిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. తోటపని పేరుతో అదే చాకిరీ హాస్టల్లోకి వస్తే మేమే మొదట అడ్డుపడతాం.

అయితే పనికీ చాకిరీకీ తేడా ఉంది. ఎవరి కోసం, ఎవరి ఇష్టంతో, ఫలం ఎవరి కంచంలోకి అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులోనే ఆ తేడా ఉంది. అందుకని మేము ఈ షరతులు పెడుతున్నాం. తోటపని ఎవరికీ శిక్షగా వేయకూడదు. ఆలస్యంగా వచ్చాడని, మార్కులు తగ్గాయని ఎవరి చేతికీ పార ఇవ్వకూడదు. వారానికి రెండు మూడు గంటలు మించకూడదు. పదో తరగతివాళ్లకు జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా పూర్తి మినహాయింపు ఉండాలి. ఆడపిల్లల హాస్టల్లోనైనా, మగపిల్లల హాస్టల్లోనైనా తవ్వడం, నీళ్లు మోయడం, కోయడం అన్నీ అందరికీ వంతులవారీగా రావాలి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఇంకొకటి ఉంది. పెరట్లో కూర పండింది కదా అని కూరగాయల ఖర్చులో పైసా కోయకూడదు. తోట ప్రభుత్వం ఇచ్చేదానికి అదనం, బదులు కాదు. డైట్ చార్జీలు సరిపోకపోతే పెంచమని అడిగే హక్కు మనది. గోంగూర కట్ట చూపించి ఆ హక్కును ఎవరూ మాయం చేయకూడదు.

లెక్క కూడా నిజాయితీగా వేసుకుందాం. మనిషికి పూటకు 50 గ్రాముల ఆకుకూర అనుకుంటే నూరుమందికి 5 కిలోలు కావాలి. తోటకూర ఎకరాకు 4 టన్నులు వస్తుందనుకుంటే సెంటుకు 40 కిలోలు. అంటే ఒక సెంటులో ఒక పంట నూరుమందికి ఎనిమిది పూటలు వస్తుంది. పెరడు హాస్టల్‌ను పోషించలేదు. కానీ నీళ్ల సాంబారులో నాలుగు ములక్కాడ ముక్కలు పడతాయి, వారానికి రెండు రోజులు పప్పులో ఆకు కనబడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. మన చెల్లెళ్లు ఆ లెక్కకు బయట లేరు. ఒక్క తోటతో అది పోతుందని మేము అనం. మాత్రలు వేసుకోవాల్సిందే, గుడ్డు తినాల్సిందే. వాటి పక్కన ఆకుకూర, దానిమీద పిండుకోవడానికి నిమ్మచెక్క ఉంటే ఆ ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఏప్రిల్‌లో వేసేవి, ఆపేవి

ఇప్పుడు అసలు ప్రశ్న. మనకున్న చిక్కు ఊళ్లో ఇంటి పెరడుకు లేదు. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా లెక్కేస్తే 49 రోజులు హాస్టల్ ఖాళీ. ఆ రోజుల్లోనే రోళ్లు పగిలే రోహిణి కార్తె. నల్లరేగడి నెర్రెలిచ్చి కాలు దూరేంత అవుతుంది. కాబట్టి మన జవాబు పుస్తకంలో పంటల పట్టిక చూసి చెప్పేది కాదు. సెలవుల్లో బతికేది ఏది, మనం తిరిగొచ్చేదాకా ముదరకుండా ఆగేది ఏది అని చూడాలి.

చాలామంది మొదట కోరేది టమాటా, మిరప. ఏప్రిల్‌లో ఈ రెండూ వద్దంటాం. ఎండ 40 డిగ్రీలు దాటితే టమాటాకు పూత రాలుతుందే తప్ప కాయ నిలవదు. మిరప సంగతి మన ఇళ్లలో వేరే చెప్పనక్కర్లేదు. రెంటికీ జూన్ చివర నారు పోసుకోవచ్చు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర చలిని కోరేవి, ఎండకు త్వరగా పూతకు వస్తాయి. అవి దసరా సెలవుల తరువాత. తోటకూర 25, 30 రోజుల్లో చేతికొస్తుంది. కానీ ఇప్పుడు చల్లితే మనం లేనప్పుడు ఎదిగి, మనం వచ్చేసరికి గింజకట్టి ఉంటుంది. మార్చి మొదట్లో చల్లి సెలవులకు ముందే తినేయాలి, లేదా జూన్‌లో చల్లాలి. బీర, సొర, కాకర, దోస తీగలు ఇప్పుడు పెడితే నడివేసవిలో పూతకొస్తాయి. ఆ ఎండకు మగపూలే ఎక్కువ పూసి పిందె తక్కువ పడుతుంది. వాటినీ ఆపుదాం.

మరి ఏం వేయాలి? మా ఓటు ముందుగా గోంగూరకు. గుంటూరు గోంగూర అని కాదు, దానికి వేరే కారణం ఉంది. గోంగూర పగటివేళ కురచబడే రోజుల్లో పూతకొచ్చే మొక్క. వేసవిలో పగలు పొడుగు కాబట్టి పూతకు పోకుండా ఆకు వేస్తూనే ఉంటుంది. ఏప్రిల్ మొదటి వారంలో చల్లితే సెలవులకు ముందు ఒకసారి పీకి పలచన చేసుకోవచ్చు. మిగతాది జూన్‌లో చిగుళ్లు తుంచుకోవచ్చు. రెండోది గోరుచిక్కుడు. ఎండకు జంకని మొక్క, తక్కువ నీటితో సరిపెట్టుకుంటుంది. మనం వచ్చేసరికి కింది కాయలు ముదిరి ఉన్నా అవి విత్తనానికి పనికొస్తాయి, పైన లేతకాయ ఉంటుంది. దాని పక్కన బొబ్బర్లు కూడా అలాంటివే. రెండూ నేలకు బలం ఇచ్చే జాతివి. మూడోది బచ్చలి. తీగముక్క నాలుగు కణుపులది తెచ్చి కుళాయి దగ్గర నీడపట్టున గుచ్చితే చాలు.

నాలుగోది మునగ. అయితే ఏప్రిల్‌లో నేలలో వద్దు, సంచిలో పెట్టాలి. తమిళనాడులోని పెరియకుళం ఉద్యాన కళాశాల 1989లో ఇచ్చిన పి.కె.ఎం.-1 రకం గింజతో వస్తుంది. ఏప్రిల్ చివర పాలిథిన్ సంచుల్లో గింజ పెట్టి నీడలో ఉంచితే జూన్ రెండో వారానికి నాటే మొక్క అవుతుంది. మృగశిర చినుకు పడగానే నేలలోకి దించాలి. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే మునగ వేరు కుళ్లుతుంది కాబట్టి కాస్త గట్టు కట్టి దానిమీద నాటాలి. ఆరు నుంచి ఎనిమిది నెలలకు కాపు. అంటే పదో తరగతివాళ్లు పరీక్షలకు కూర్చునే ముందే కాడలు సాంబారులో పడతాయి. ఆకు అంతకంటే ముందే వస్తుంది. వానాకాలంలో మానుకు గొంగళి పురుగులు గుంపుగా పడతాయని చాలామంది మునగను పెరట్లోకి రానివ్వరు. గుంపుగా ఉన్నప్పుడే కాగడాతో తుడిచేస్తే సరిపోతుంది. సంచుల్లోనే రెండు కరివేపాకులు, ఒక నిమ్మ కూడా పెట్టుకుందాం.

మిగతా మళ్లను ఖాళీగా వదలకుండా మే నెలలో పొడి నేలలోనే కలగలుపు గింజలు వేయవచ్చు. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం చేసే రైతులు వానలకు ముందు ఇలా నవధాన్యాలు చల్లుతున్నారు. జనుము, పిల్లిపెసర, అలసంద, సజ్జ, నువ్వు లాంటి గింజలకు బంకమట్టి, బూడిద, పేడ పట్టించి ఉండలు చేసి చల్లుతారు, పైన గడ్డి కప్పుతారు. మొదటి చినుకుకు మొలుస్తాయి. జూన్ చివర వాటిని నేలలోకి తొక్కేస్తే అదే ఎరువు. మృగశిరలో బీర, సొర, కాకర, దోస గింజలు పెట్టి పందిరి వేద్దాం. పందిరికి గుంజలు కొనక్కర్లేదు, మన ప్రాంతంలో సుబాబుల్ కర్ర దొరకని ఊరు లేదు.

పక్క చేలో పత్తి ఉందని మరవొద్దు

మన హాస్టళ్లు చాలావరకు చేల పక్కనే ఉన్నాయి. అందుకే ఇంకో లెక్క చూడాలి. బెండ, గోంగూర, పత్తి మూడూ ఒక్క కుటుంబం. పత్తికాయను తొలిచే మచ్చల పురుగే బెండకాయను తొలుస్తుంది. పత్తిని పీల్చే తెల్లదోమే బెండకు పల్లాకు తెగులు తెస్తుంది. వేసవిలో చుట్టూ చేలు ఎండి ఉంటే పచ్చగా ఉన్నది మన పెరడొక్కటే. పురుగంతా అక్కడికే చేరుతుంది. గోంగూర ఆకు ఎప్పటికప్పుడు తుంచుతాం కాబట్టి నష్టం తక్కువ. బెండ కావాలంటే తెగులును తట్టుకునే అర్క అనామిక లాంటి రకం జూన్‌లో కొద్దిగా వేసుకుందాం. వంగకు మొవ్వు, కాయ తొలిచే పురుగు వదలదు. మొదటి ఏడాది వంగ జోలికి పోకపోవడమే మంచిదని మా అభిప్రాయం. మొదటి ఏడాదే ఓడిపోతే రెండో ఏడాది పార పట్టేవాళ్లు ఉండరు.

పురుగుమందు మాత్రం మన పెరట్లోకి అడుగు పెట్టకూడదు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. మందు ఆపితే పంట పోతుందన్న భయం అందరిదీ. ఒకప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం పత్తి, మిరప పండిస్తూనే 2000 తరువాతి తొలి ఏళ్లలో పురుగుమందులు మానేసి చూపించింది. మన నాలుగు మళ్లకు అరకిలో వేపగింజల పొడి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడగట్టిన కషాయం చాలు. గట్టు మీద బంతి, ఆముదం నాలుగేసి మొక్కలు పెడితే పురుగు ముందు వాటి మీద గుడ్లు పెడుతుంది, ఏరిపారేయవచ్చు. ఇంకో మాట. ఖాళీ మందు డబ్బాలు కోసి నీళ్లు పోయడానికి వాడే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఒక్క డబ్బా కూడా గేటు దాటి లోపలికి రాకూడదు. పక్క చేలో మందు కొట్టిన రోజు గాలి ఇటు తోలితే ఆకు కోయకుండా కొన్ని రోజులు ఆగాలి. ఎప్పుడైనా రెండు మూడు నీళ్లు కడిగే వండాలి.

ఏడు వారాలు, ఏడుగురు

నీళ్ల సంగతి. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు మళ్లకు, స్నానాల నీళ్లు కాలువ తీసి అరటికీ. శుద్ధి యంత్రం వదిలే నీళ్లు మాత్రం వద్దు. అసలే ఉప్పునీళ్ల ప్రాంతం, ఆ వదిలేసిన నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. గోరుచిక్కుడు మళ్లలో మట్టికుండలు మెడదాకా పాతి, నింపి మూత పెడితే నీరు మెల్లగా ఊరుతూ వేరుకు అందుతుంది. మూడు నాలుగు రోజులకు ఒకసారి నింపితే సరిపోతుంది. మొదళ్ల చుట్టూ వరిగడ్డి కప్పితే ఆ తడి ఇంకా ఆగుతుంది.

నింపేది ఎవరు? వాచ్‌మన్ అన్నయ్య ఉన్నాడు కదా అనేస్తాం. చాలీచాలని జీతానికి అన్ని పనులూ చేసే మనిషి మీద ఇంకో పని వేయడం న్యాయం కాదు. 49 రోజులంటే సరిగ్గా ఏడు వారాలు. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కల్లో ఈ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసేవాళ్లు, వ్యాపారాలు చేసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో ఏడుగురు తలా ఒక వారం పంచుకుంటే, ఆ వారంలో రెండుసార్లు సాయంత్రం వచ్చి పోతే తోట బతుకుతుంది. వార్షికోత్సవానికి అన్నలు, అక్కలు ఫ్యాన్లు ఇచ్చారు, ట్రంకు పెట్టెలు ఇచ్చారు, సంతోషం. ఈసారి రెండు సాయంత్రాలు ఇవ్వమని అడుగుతున్నాం. వచ్చేటప్పుడు ఇంటి నుంచి గుప్పెడు గింజలు తెస్తే మరీ మంచిది. అమ్మమ్మలు చూరుకు కట్టి దాచిన సొర గింజలు, బూడిదలో కలిపి పెట్టిన దోస గింజలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ఒకసారి తెచ్చుకుంటే మళ్లీ ప్యాకెట్ కొనే పని ఉండదు.

పెరట్లో కూరగాయలు పెంచమని 2019లో కేంద్ర ప్రభుత్వమే బడులకు మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి అనుమతి గురించి బెంగ అక్కర్లేదు. కావాల్సింది ఒక సమావేశం. మార్చి ఆఖరి ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ కూర్చుందాం. వార్డెన్ గారిని, వంట చేసే అక్కలను కూడా పిలుద్దాం. ఎందుకంటే ఏ కూర కోయడానికి ఎంతసేపు పడుతుందో వాళ్లకే తెలుసు. మునగాకు ఒలిచిపెట్టడానికి మనం చేయి వేయకపోతే అది వాళ్ల నెత్తిన పడుతుంది. ఏ మడిలో ఏం వేయాలో బోర్డు మీద రాసి చేతులెత్తి తేల్చుకుందాం. మూడో తరగతి తమ్ముడిదీ ఒక ఓటే, పదో తరగతి అన్నదీ ఒక ఓటే. మేము గోంగూర అన్నాం కదా అని గోంగూరే అక్కర్లేదు. సభ బొబ్బర్లంటే బొబ్బర్లే. తీర్మానం నోటీసు బోర్డు మీద ఉండాలి, కోసిన ప్రతి కిలో పక్కనే రాయాలి. ఎండింది ఏది, బతికింది ఏది అన్నదీ రాయాలి. వచ్చే ఏడాది కూర్చునేవాళ్లకు ఆ కాగితమే పాఠం.

ఇక ఏప్రిల్ 14న నాటుదాం. ఆ రోజు ఫోటో తీస్తే తీయనివ్వండి. రెండో ఫోటో మాత్రం జూన్ 12న తీయాలి.